చేపల త్రాసు

రాత్రి రెండుంబావు. కరెంటు పోయి మూడు గంటలు.
ఫోను పళ్ల మధ్య కరుచుకుని
ఆ వెలుగులో ఫానెసి ఒక గుడ్డను తూస్తోంది.

గుడ్డంటే చితెంజే.
మా మలావీ ఆడవాళ్లు నడుముకు చుట్టుకునేది,
బిడ్డను వీపున కట్టుకునేది,
పురిటికొస్తే కింద పరుచుకునేదీ అదే.
దీని మీద సాయంత్రం పసుపు గిన్నికోళ్లుండేవి.
ఇప్పుడు ఒక్కటీ కనబడదు.

పొడిగా ఉన్నప్పుడు రెండు వందల అరవై గ్రాములు.
ఇప్పుడు తొమ్మిది వందల పది.
తీసివేత పూర్తికాకముందే
"ఎస్నాత్, ఆక్సిటోసిన్!" అని
ఫోను కింద పడేసి అరిచింది.
ఎస్నాత్‌ని నేనే. రెండో నర్సుని.
మూడో నర్సు లేదు.

ఇన్నాళ్లూ రక్తాన్ని కంటితోనే కొలిచాం.
రిజిస్టరులో "కొంచెం" అని రాశాం,
"మామూలే" అని రాశాం.
అదే వరసలో, తెల్లారి, వేరే రంగు సిరాతో
ఇంకో మాట రాశాం.
ఆ "మామూలే" మీదే ఫానెసి పిహెచ్‌డీ.

ఆసుపత్రి తూకం యంత్రం పోయిన వానల్లోనే చచ్చింది.
స్టోర్సుకి ఏడు ఉత్తరాలు రాస్తే
ఒక్క జవాబు: ఓపిక పట్టండి.
ఈ కొక్కెం త్రాసు సరస్సు ఒడ్డున
ఉసిపా చేపలమ్మే అబితి సైదిది.
ఎంత కడిగినా నీచు వాసన వదలదు.
ప్రతి ఆదివారం దానికి కిలో చక్కెర పొట్లం వేలాడదీసి
ముల్లు సరిగ్గా నిలిచిందో లేదో చూస్తుంది ఫానెసి.
ఆ చక్కెర నెలాఖరుకి మా టీలోకే.
బాడుగ ఎంతని అడిగితే
అబితి సైది చేపల మీద ఈగలు తోలుతూ
"మా చెల్లి గుడ్డ ఎవరూ తూచలేదు" అంది.
అంతకు మించి అడగలేదు మేము.

మా బ్యాచిలో నలుగురు ఐర్లాండులో ఉన్నారు.
మంచులో నిలబడి ఫొటోలు పంపుతారు,
కోట్లు భలే ఉంటాయి.
నా దరఖాస్తు కూడా సొరుగులో ఉంది,
ఒక్క సంతకం తక్కువ.
మేట్రన్ అంటుంది:
"మంచం పక్కన మనిషి కావాలి గానీ
పేరు ముందు డాక్టరెందుకు?"
ఫానెసి నవ్వేస్తుంది.
నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే
కొన్ని రాత్రులు నేనూ అదే అనుకున్నాను.

ముఖ్యంగా ఆ మంగళవారం.
తను బ్లాంటైర్ లైబ్రరీలో ఉంది.
నలభై రెండు మంచాలు,
మంచాల కింద చాపల మీద ఇంకో పదకొండుమంది, నేను.
ఒక చెయ్యి ఒక తల్లి పొత్తికడుపు మీద,
ఇంకో చెయ్యి ఇంకో తల్లి సెలైను మీద.
త్రాసు గోడకి వేలాడుతూనే ఉంది.
పొద్దుటికి ఇద్దరూ లేరు.

ఆమె పట్టికలో ఆ రోజు గడి ఖాళీ.
గైడు మార్జిన్లో పెన్సిలుతో అడిగారు: "ఎందుకు?"
"సమాచారం లభ్యం కాలేదు" అని టైపు చేసి
చాలాసేపు దాన్నే చూసింది.
తర్వాత నా వైపు చూసింది.
"నాకు రెండే చేతులు" అన్నాను.
నా గొంతు నాకే కటువుగా వినిపించింది.
ఫానెసి ఆ వాక్యం కొట్టేసి
నేనన్న మాటే రాసింది.
గైడు దాన్ని ఉంచుతారో తీసేస్తారో తెలీదు.

ఇప్పుడు నాలుగున్నర.
గర్భసంచి గట్టిపడింది, నాడి దొరుకుతోంది.
తల్లి మంచినీళ్లడిగింది, తర్వాత బిడ్డను,
తర్వాత తన చితెంజే ఏదని అడిగింది.
బయట కొళాయి దగ్గర వాళ్లత్త దాన్ని ఉతుకుతోంది.
నీళ్లు ఎర్రగా, తర్వాత లేత గులాబీగా పారాయి.
ఒక గిన్నికోడి ముక్కు బయటపడింది.

ఫానెసి నోటుబుక్కులో
రెండు వందల పదమూడో వరస రాసుకుంది.
ఆరింటికల్లా త్రాసు తిరిగిచ్చేయాలి,
పడవలొచ్చే వేళ.
"నువ్వు కాసేపు పడుకో" అని దాన్ని నేనే తీసుకున్నాను.
దారంతా అది నా చేతిలో ఊగుతూనే ఉంది,
ఏమీ తగిలించకపోయినా
ముల్లు అటూ ఇటూ కదులుతూ.